నర్సింహ సార్ చెప్పిన దూరం

మా నర్సింహ సార్ ఏ దూరాన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పిన పాపాన పోలేదు. ఎక్కడికి ఎంత దూరమని అడిగినా ఆయనది ఒకటే జవాబు: "గదిగో, గా మలుపే!"

సైన్యంలో హవల్దారుగా రిటైరై, మా సినిమాలో సిపాయిల వేషాలు వేసేవాళ్లకి కవాతు నేర్పడానికి వచ్చాడు. నేను సహాయ దర్శకుణ్ణి కాబట్టి వాళ్ల వెంట నడవడం నా ఖర్మ. వీపున ఇసుక సంచి, కాళ్లకి బండ బూట్లు. ఫిల్మ్ నగర్‌లో బయల్దేరదీసి జూబ్లీ హిల్స్ ఎత్తులన్నీ ఎక్కించి దించేవాడు.

మా హీరో విహారి కారు దిగి గేటు దాకా నడిచినా ఆయాసపడే మనిషి. మొదటి రోజే రోడ్డు మీద కూలబడ్డాడు.

"ఇంకెంత దూరమండీ?"

"గదిగో బాబూ, గా మలుపే."

"ఇందాక దాటింది కూడా ఆ మలుపేనండీ!"

"గది అన్న. గిది తమ్ముడు. నడువ్!"

ఓ రోజు సార్ భార్య బాలమణి గారు టిఫిన్ తెస్తే, మా గోడు ఆవిడతో చెప్పుకున్నాం. ఆవిడ నవ్వింది. "మీదేముంది బిడ్డా! పెండ్లయినంక క్వార్టర్సు గీ పక్కనే అన్నడు. రైలెక్కితే దేశం అయిపోయింది గానీ క్వార్టర్సు రాలే."

చివరి రోజు పరీక్ష. ఫిల్మ్ నగర్ నుంచి బోరబండ స్టేషన్ దాకా కవాతు. "మధ్యలో ఎవడు కూర్చుంటే వాణ్ణి తీసేస్తాను" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ ఆంజనేయులు, ఏసీ కారులో కూర్చుని.

అందరిలో పెద్దవాడు భిక్షం. ఏళ్ల తరబడి గుంపులో నిలబడిన మనిషికి ఈ సినిమాలోనే మొదటిసారి ఒక డైలాగు దొరికింది. ఆ రోజు ఒంట్లో జ్వరం దాచుకుని వచ్చాడు. యూసుఫ్‌గూడ చేరేసరికి మొహం పాలిపోయింది. మందుల షాపు ముందు కూర్చుండిపోయాడు.

వెనకే వస్తున్న ఆంజనేయులు కారు తలుపు తెరుచుకుంది. నర్సింహ సార్ ఆగమని ఒక్క అరుపు అరిచాడు.

"దళ్! థమ్! అందరు గూసోండ్రి. బోరబండ వచ్చింది!"

ఆంజనేయులు బోర్డు వంక చూశాడు. "ఇక్కడ యూసుఫ్‌గూడ అని ఉందేంటండీ?"

"మిలిటరీ మ్యాపుల గిదే బోరబండ."

"మరి స్టేషనేదండీ?"

"రహస్య స్టేషన్. అందరికి కనబడది."

ఆంజనేయులు నోరు తెరిచేలోగా విహారి లేచి నిలబడ్డాడు. "నాకు కనిపిస్తోందండీ. బండి కూడా వచ్చినట్టుంది."

హీరోకి కనిపించిన స్టేషన్, మేనేజరుకి కనిపించకపోతే ఉద్యోగం ఉంటుందా? "ఆ, ఆ... కనిపిస్తోందండీ" అని, అందరూ పాసైనట్టేనని చెప్పి కారెక్కాడు.

భిక్షం కళ్లు తుడుచుకున్నాడు. "సార్, మా ఇల్లు గీ గల్లీలనే. చాయ్ తాగి పోదురు."

"అయితే నువ్వు పండుకో. చాయ్ మేం పెట్టుకుంటం."

విహారి భిక్షం సంచి కూడా భుజానికెత్తుకున్నాడు. ఇంట్లోకి వెళ్లగానే నర్సింహ సార్ గోడకి చేరగిలబడి, మెల్లగా బూట్లు విప్పాడు. పాదాల నిండా బొబ్బలు!

"సార్! మీకు కూడానా?" అన్నాను.

"లొల్లి చెయ్యకు" అన్నాడు గొంతు తగ్గించి. "జర గా చెంబుల నీళ్లు తే."