అన్నయ్య గాజుపలక మీది బంగారం

మొన్న మనవరాలు ఫోన్ చేసి, తనకు యూనివర్సిటీలో నానో టెక్నాలజీలో సీటొచ్చిందనీ, అక్కడ ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ వాళ్లందరూ ఒకే ల్యాబులో కలిసి పనిచేస్తారనీ, అలా కలిసి చేయడమే ఆ చదువులో గొప్పతనమనీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, సంతోషించాల్సిన నాకు పాత సంగతులు గుర్తొచ్చాయి. మా అన్నయ్య చేసిన నేరం సరిగ్గా అదే మరి.

డెబ్బైల్లో మా తిరువూరు ఎలా ఉండేదో మన వయసు వాళ్లకి చెప్పనక్కర్లేదు. నాన్న మిషన్ స్కూల్లో మేష్టారు. అన్నయ్య ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి, యూనివర్సిటీలో పరిశోధనకి చేరి, గాలి తీసేసిన, గంటలాంటి గాజు మూత కింద బంగారాన్ని ఆవిరి చేసి, చిన్న గాజుపలక మీద కంటికి ఆనీ ఆనని పొరగా పట్టించేవాడు. పొర పట్టించడం ఫిజిక్సు వాళ్ల యంత్రంలో, దానికి ఏ వాయువు తగిలితే కరెంటు ఎలా మారుతుందో చూడటం కెమిస్ట్రీ వాళ్ల గదిలో. ఇద్దరి చుట్టూ తిరిగి తిరిగి, మొత్తానికి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చిన రోజు ఒక పలకని నా కంటి ముందు ఎండకి పట్టాడు. ఆ బంగారం లోంచి మా పెరడంతా ఆకుపచ్చగా కనిపించింది. ఇంత పల్చన చేస్తే బంగారం కూడా తన గుణం మార్చుకుంటుంది చెల్లీ, అన్నాడు. అన్నయ్యని అంత ఆనందంగా నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు నేను ఊళ్లో ఓ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో టైపిస్టుని. అక్కడే ఫిజిక్సు లెక్చరర్ పోస్టు పడింది. నాన్నకి చూపు మందగించింది. ఇంటి దగ్గరే ఉండి పాఠాలు చెప్పుకుంటూ, ఓ మూల గదిలో తన పొరల పని సాగించుకోవాలని అన్నయ్య ఆశ. అంతకు మించి ఏమీ కోరుకోలేదు. ఇంటర్వ్యూలో మాటలు రాసుకోవడానికి నన్నే కూర్చోబెట్టారు. అతని చెల్లెలినని అందరికీ తెలుసు. తెలిసే కూర్చోబెట్టారని తర్వాత అర్థమైంది.

ఫిజిక్సు హెడ్డుగారు మడత నలగని చొక్కాతో, మాట కంటే ముందు నవ్వుతో ఉండే మనిషి. ఆయన చమత్కారాలకి కాలేజీ అంతా పడిపడి నవ్వేది. అన్నయ్య కాగితాలు తిరగేసి, ఇది కెమిస్ట్రీ కదటయ్యా అన్నారు. పక్కనున్న కెమిస్ట్రీ హెడ్డుగారు, మాకంటగట్టకండి బాబూ అన్నారు. రెండూ కలిస్తేనే ఈ పని అవుతుందండి అంటూ అన్నయ్య చిన్న పెట్టెలోంచి పలక తీసి బల్ల మీద పెట్టి, "పైన వేలు తగలనివ్వకండి సార్, పొర ఊడిపోతుంది" అని చెప్పాడు.

హెడ్డుగారు ఆ మాట శ్రద్ధగా విన్నారు. విన్నాకే జేబురుమాలు తీసి, పలక మీద నోటి ఆవిరి ఊది, కళ్లజోడు తుడుచుకున్నంత తీరుబడిగా తుడిచి, వెలుతురుకి పట్టి చూశారు.

"మురికి పోయిందండి. పలక మంచిదే, మన ల్యాబులో పనికొస్తుంది."

గదంతా నవ్వింది. నవ్వి నవ్వి ప్రిన్సిపాల్ గారికి పొలమారింది. అన్నయ్య ఆ రుమాలు వంకే చూస్తూ, వెళ్లొస్తానండి అని అందరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. సంబంధిత సబ్జెక్టులో అర్హత లేదని మధ్యాహ్నం నా చేతే టైపు చేయించారు. హెడ్డుగారి మీద నాకు కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, దాచుకోను.

అన్నయ్య మళ్లీ యూనివర్సిటీ మొహం చూడలేదు. విస్సన్నపేటలో ఎరువుల కంపెనీ ఏజెంటుగా చేరి, పెనుగొలను, వినగడప లాంటి ఊళ్లు తిరుగుతూ రైతులకి యూరియా గురించి చెప్పుకుంటూ జీవితం వెళ్లదీశాడు. ఏం జరిగిందని నాన్న అడగలేదు, అడగకుండానే పోయారు.

చాలా ఏళ్లకి హెడ్డుగారు కాలం చేస్తే కాలేజీలో సంతాపసభ పెట్టారు. నేను వద్దంటున్నా అన్నయ్య వచ్చి, వెనక వరసలో నా పక్కన కూర్చున్నాడు. ఆయన ఎంత సరదా మనిషో చెప్పడానికి ఒకాయన ఆ రుమాలు సంగతే ఎత్తుకున్నాడు. ఎవరో కుర్రాడట, ఏదో గాజుముక్కట. సభంతా నవ్వింది. అన్నయ్యా నవ్వాడు, అందరూ ఆపేశాక కూడా ఇంకాస్సేపు.

ఇప్పుడు అన్నయ్యా లేడు, ఆ గదిలో నవ్వినవాళ్లూ లేరు. చదువుల మధ్య గోడలు పడగొట్టామని పెద్దవాళ్లు సభలు పెట్టి మరీ చెబుతున్నారు, మంచిదే. అప్పటి కాలమే అంతలెండి అని నన్ను ఓదార్చేవాళ్లూ ఉన్నారు. నేను కాలాన్ని ఏమీ అనను. ఆ రోజు ఆ పెద్దవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు నవ్వకుండా కూర్చుని ఉంటే, సంతాపసభలో అన్నయ్యకి అంతసేపు నవ్వాల్సిన అవసరం ఉండేది కాదు.