మూడో ట్యాంకు

అమెరికాలో టల్సా ఊళ్లోని సంతాన చికిత్సాలయంలో డార్లీన్ ఇరవై ఏళ్లుగా రోగుల కాగితాలు చదివి, బీమా కోసం కోడ్లు వేస్తోంది. ఆ వారం అయిదుగురి పిండాలు, గడ్డకట్టించి దాచిన ట్యాంకులోంచి తీయగానే చచ్చిపోయాయి. అన్నీ మూడో ట్యాంకువే.

ల్యాబు పెద్ద వెండెల్‌ను అడిగింది.

"కోడు వేసి ఊరుకో డార్లీన్, మిగతాది మా పని," అన్నాడతను తలెత్తకుండా.

మర్నాటికి ఆ అయిదు కాగితాల్లోనూ ట్యాంకు నంబరు మాయమైంది. ఆ రోజు పిండం పెట్టించుకోవాల్సిన వాళ్ల జాబితాలో కరిస్సా అనే అమ్మాయికి మాత్రం ఇంకా ఉంది: మూడు.

డార్లీన్ ఆమె కూర్చున్న చోటికి వెళ్లింది.

"ఇవాళ వద్దు తల్లీ. ముందు ఆ మూడో ట్యాంకు సంగతేంటో అడుగు."

"నాకు మిగిలిన పిండాలు రెండేనండీ," అంది కరిస్సా, ముఖం పాలిపోయి.

డార్లీన్ తన బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి కుర్చీ పక్కన వెండెల్ నిలబడి ఉన్నాడు. కంప్యూటరు ఆమె పాస్‌వర్డు తీసుకోలేదు.