బాపు ఇచ్చిన మంచి శాంపిల్

దొడ్డికి పోయిన దాంట్లోంచి జబ్బు కనిపెడతారంటే మా నేత వాడలో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే పోయారు, నన్ను చూడగానే ముక్కులు మూసుకుని "డబ్బాల మేడం వస్తున్నది, జర జరుగుండ్రి" అని నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

నా ఉద్యోగమే అది మరి. పెద్దపేగు క్యాన్సర్ మీద పరిశోధన చేసే ఒక బృందం తరఫున ఇళ్లు తిరిగేదాన్ని. యాభై దాటి, ఏ బాధా లేదన్నవాళ్లకు డబ్బా ఇస్తాం. ఇంటికి ఒక్కటే. అందులోని మందునీళ్లలో కొంచెం మలం వేసి ఇస్తే చాలు. పేగులో గడ్డ పెరుగుతుంటే దాని కణాలు రాలి మలంలో కలుస్తాయి. ఆ కణాల డీఎన్ఏలో తేడాలేమైనా ఉన్నాయా అని ల్యాబులో వెతుకుతారు. అనుమానం వస్తే కెమెరా గొట్టంతో పేగు చూస్తారు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే మనిషి బతుకుతాడు. మంచిర్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాటలే నోరు నొప్పి పుట్టేలా చెప్పాను.

మా బాపు సాంచల మీద బట్ట నేస్తాడు. మావైపు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ, సాంచె అంటే పవర్‌లూమ్. వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ తెగిన పోగులు ముడేయడంలోనే ఆయన బతుకంతా గడిచింది. ఆయనకూ ఒక డబ్బా ఇచ్చాను. రక్తం పడుతోందా అని అడగాలి, అది నియమం. అడిగాను.

"నాకేం రోగం బిడ్డా? గుండు లెక్కున్న" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డబ్బాను పైన శుభ్రంగా తుడిచి, కవర్లో చుట్టి చేతికిచ్చాడు. అందరూ ఇలా ఇస్తే నాకెంత హాయి అనుకున్నాను. అనుమానించాల్సిందేమీ లేదని ఫలితం వచ్చింది. ఆ రోజు అవ్వతో సేమ్యా కూడా వండించాను.

కొన్ని నెలలకు బాపు చిక్కిపోసాగాడు. లుంగీ మీద రక్తం మరక నా కంటనే పడింది.

"మొలలు బిడ్డా. పొద్దంత నిలబడేటోనికి మొలలు గాకపోతే ఏమస్తయి?"

కరీంనగర్ పోయి కెమెరాతో చూపిద్దామని బతిమాలాను, తిట్టాను, అన్నం మానేసి అలిగాను. ఆయనది ఒక్కటే మాట. "నీ పరీక్షలనే ఏం లేదని వచ్చె. నీ పరీక్షను నువ్వే నమ్మవా?"

ఏ పరీక్షైనా అప్పుడప్పుడు తప్పుతుంది బాపూ అన్నాను.

"గట్లయితే మందికెందుకు పంచుతున్నవ్?"

అవ్వ మాత్రం ఈ గొడవలో ఒక్క మాటైనా కలిపేది కాదు. తల వంచుకుని బియ్యం ఏరుకునేది. నీకైనా పట్టదా అని ఆమె మీద కూడా విరుచుకుపడ్డాను.

చివరికి బాపు సాంచల దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాడు. కరీంనగర్ ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. పెద్దపేగులో గడ్డ, కాలేయం దాకా పాకింది. కోసినా లాభం లేదు, మందులతో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు అన్నాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. బాపు మంచం పక్కనే నిలబడి మా బృందం పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి అరిచాను. మీ పరీక్ష మమ్మల్ని నిండా ముంచింది సార్ అన్నాను. బాపు నా చెయ్యి పట్టి లాగాడు.

"వాళ్లననకు బిడ్డా. గా డబ్బాల ఉన్నది నాది గాదు. మీ అవ్వది."

నేను ఫోన్ పెట్టేశాను.

"నాదాంట్ల నెత్తురు పడుతుండె. గసొంటిది ఇస్తే నీకు మాటొస్తదనుకున్న. బట్ట కొనే సేటు శాంపిల్ అడిగితే పోగులు తెగిన ముక్క పంపుతమా? మంచి తానులకెల్లి కోసి పంపుతం. నా బిడ్డ నౌకరికి పాడు మాలు ఎట్లిస్తనే?"

ఎంత పని చేశావు బాపూ! తల గోడకు కొట్టుకోవాలనిపించింది. సేటుకు పోయే ముక్కను వెలుతురుకు పట్టి, ఎక్కడా పోగు తప్పలేదని చూసుకుని మరీ కోసే ఇల్లు మాది. ఆ చేతులతోనే నాకూ ఇచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచాను గానీ ఏడుపే వచ్చింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరే మళ్లీ ఫోన్ చేశారు. సంగతి చెప్పాను. మలం మీ నాన్నగారిది కాదు కాబట్టి ఆయన్ని పరిశోధనలోంచి తీసేయాలమ్మా అన్నారు. పరీక్ష తప్పలేదు, మీ అమ్మగారి గురించి ఉన్నదే చెప్పింది అన్నారు. నెమ్మదిగానే అన్నారు పాపం. పరీక్ష తప్పినా బాగుండేది, తిట్టుకోవడానికి ఎవరో ఒకరు మిగిలేవారు.

అవ్వ వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని నిలదీయడానికే వెళ్లాను. నన్ను చూడగానే ఆమే అంది.

"చెప్పద్దని ఒట్టేయించుకున్నడు."

పక్కన కూర్చున్నాను. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గా పరీక్ష నాదే గద బిడ్డా? నాకు ఏం లేదనే గద వచ్చింది?"

"అవునవ్వా."

"నాకేం లేదని ఎరుకై నేనేం జేస్కోవాలె?"