పొగ పట్టిన బొంత

పెంచలమ్మది మొదటినుంచీ కారే ముక్కే. కడపలో ఉన్నప్పుడు మిరపకాయలు దంచినా కారేది, పొద్దున్నే వాకిలి ఊడ్చినా కారేది. కొంగుతో తుడుచుకుని తన పని తను చూసుకునేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. అరబ్బుల దేశంలోని సలాలాకు వచ్చి తయ్యబా మేడం ఇంట్లో వంటకు కుదిరాకే సొంత ముక్కు ఆమెకు శత్రువైంది.

ఆ ఇంట్లో సాయంత్రమైతే లుబాన్ పొగ వేయాల్సిందే. లుబానంటే ఏమీ లేదు, అక్కడి కొండల్లో చెట్లకు కారే బంక, మన సాంబ్రాణి లాంటిది. కుంపటి పట్టుకుని గదిగదికీ తిరగాలి. ఉతికిన బట్టల్ని చెక్క స్టాండు మీద పరిచి, కింద కుంపటి పెట్టి పొగ పట్టించాలి. ఎంత ఖరీదైన బట్టకు అంత మంచి లుబాన్. ఇంత పొగలో పెంచలమ్మ ముక్కు ఊరుకుంటుందా? ఒకరోజు అన్నం వడ్డిస్తూ గట్టిగా ఎగబీల్చింది. మేడం పల్లెత్తు మాట అనలేదు, పళ్లెం కొంచెం పక్కకు జరుపుకుంది. ఆ జరుపుకోవడానికే పెంచలమ్మకు తల కొట్టేసినట్టయింది. పక్క ఇంట్లో డ్రైవరుగా ఉన్న తమ ఊరి రియాజ్‌ను బతిమాలి, ముక్కులో వేసుకునే చుక్కల మందు తెప్పించుకుంది.

రెండు చుక్కలకే ముక్కు ఆరిపోయింది. ఇంకేముంది, అదేదో అమృతమైనట్టు నిద్ర లేవగానే వేసేది, వంటకు ముందు వేసేది, పొగకు ముందు వేసేది. కొన్నాళ్లకు మందు పడకపోతే ఊపిరాడని స్థితి వచ్చింది. పప్పులో ఇంగువ వేసిందో లేదో తెలియక మళ్లీ వేసేది. అయినా బుద్ధి తెచ్చుకుందా, పిచ్చిది! కారకపోతే చాలనుకుంది.

ఆ రోజుల్లోనే ఊళ్లో అక్క పోయింది. తల్లి లేని పెంచలమ్మను ఎత్తుకుని పెంచింది ఆ అక్కే. సెలవు దొరికేలోపల అంతా అయిపోయింది. కొన్నాళ్లకు అక్క కూతురు ఆశ ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, అమ్మ కప్పుకునే బొంత నీకు పంపిస్తాండా. సెలవుకొచ్చిన రియాజన్నకు ఇచ్చినా. అది నీ తావనే ఉండాల."

అక్క తన పాత చీరలు కలిపి కుట్టిన బొంత అది. చిన్నప్పుడు ఇద్దరూ దాని కిందే పడుకునేవాళ్లు. అక్క తలకు రాసుకునే ఆముదం, నమిలే ఆకువక్క, కట్టెల పొయ్యి, చెమట, అన్నీ కలిసి దానికొక వాసన ఉండేది. ఆ వాసన తగిలితే తప్ప పెంచలమ్మకు నిద్ర పట్టేది కాదు. అక్క ఎటూ లేదు, ఆ వాసనైనా ఒక్కసారి చూడాలని రియాజ్ కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది.

రియాజ్ సంచి తెచ్చి ఇవ్వగానే తలుపు వేసుకుని బొంతలో మొహం పెట్టింది. ఏమీ లేదు. ప్రతి మూలా, ప్రతి కుట్టూ వెతికింది. అక్క ఎక్కడా లేదు. పిల్లలు తెలియక ఉతికేసి పంపి ఉంటారనుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

ఆ తర్వాత చేసిన పనే ఇప్పటికీ ఆమె మనసును కోసేస్తోంది. వాసన ఎలాగూ పోయింది కదా, అక్కకు ఒక మర్యాదైనా చేద్దామనుకుంది. ఆ ఇంట్లో మర్యాదంటే ఆమె నేర్చుకున్నది ఒక్కటే. అక్క సంగతి చెప్పి అడిగితే మేడం పాపం కళ్లు తుడుచుకుని, డబ్బాలోంచి మేలురకం లుబాన్ తనే ఎంచి ఇచ్చింది. పెంచలమ్మ బొంతను స్టాండు మీద పరిచి, కుంపటి ఆరేదాకా పొగ పట్టించింది. తిరగేసి మళ్లీ పట్టించింది.

చివరికి ముక్కు పూర్తిగా బిగుసుకుపోతే మేడమే క్లినిక్కుకు తీసుకెళ్లింది. డాక్టరు చుక్కల సీసా చూసి తల పట్టుకుని, కడపలో పెంచలమ్మకు అలవాటైన ఉర్దూలోనే చెప్పాడు.

"ముక్కు కారడమంటే అంత పగ ఎందుకమ్మా? అందరి ముక్కులోనూ చీమిడి రోజంతా ఊరుతూనే ఉంటుంది. మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. దుమ్మునూ పొగనూ పట్టుకుని లోపలికి పోనివ్వకుండా చూసేది అదే. పొగ ఎక్కువైతే కడిగేయడానికి ఎక్కువ ఊరుతుంది. అంతేకాదు, ఏ వాసనైనా ముందు ఆ తడిలో కరగాలి, అప్పుడే మనకు తెలుస్తుంది. నువ్వు చుక్కలు వేసీ వేసీ లోపల వాపు తెచ్చుకున్నావు. తడీ లేదు, దారీ లేదు. ఇక వాసనేం తెలుస్తుంది?"

పెంచలమ్మకు బొంత గుర్తొచ్చింది. ఇంటికి రాగానే ఆశకు ఫోన్ చేసింది.

"బొంత ఉతికి పంపినారా పాపా?"

"ల్యా చిన్నమ్మా. అమ్మ వాసన నీకు కావాలని అట్లనే మడిచి పంపినా. సంచి నిండా ఆముదం కంపేనని రియాజన్న నవ్వినాడు గూడా. ఏం, ఇంకా వస్తాందా?"

"వస్తాంది పాపా," అంది పెంచలమ్మ. అంతకన్నా ఏం చెప్తుంది?

చుక్కలు మానేసింది. నోటితో ఊపిరి పీలుస్తూ నానా తంటాలు పడింది. వానల తుంపర మొదలై కొండలు పచ్చబడ్డాక, ఒక ఉదయం ఉల్లిపాయలు తరుగుతుంటే ముక్కు కారింది. తుడుచుకోకుండానే గదిలోకి పరుగెత్తి బొంతలో మొహం దాచుకుంది. ఈసారి వాసన తెలిసింది. బాగా తెలిసింది. మేడం బట్టలకూ, తలుపు తెరలకూ, సోఫా గుడ్డలకూ ఉండే వాసనే. లుబాన్ వాసన, అందులోనూ మేలురకం.