విమానం వెళ్ళేదాకా

పొద్దున విమానం ఇంటిమీదుగా దిగుతుంటే బల్లమీది స్టీలు గ్లాసు సన్నగా మోగింది. రాస్తున్న కలం ఆపేశాను. శంషాబాద్‌లో ఈ మోత ఎవరూ పట్టించుకోరు, నేను తప్ప. ఈ జబ్బు అంటించింది గంగాధరరావు మాస్టారు, మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పినాయన. విమానం వచ్చిందంటే సుద్దముక్క పైకెత్తి పట్టుకుని, "అది వెళ్ళేదాకా మీరు రాసినదాంట్లో తప్పు వెతకండి" అనేవారు. ఖర్మ కొద్దీ దొరికేది కూడా. ఇప్పుడు నా క్లాసులో నేనూ అదే చేస్తున్నాను.

ఎమ్మెస్సీ చివర్లో నల్లబిలాల మీద సెమినార్ ఇచ్చాను. అందులో నెగ్గితేనే పరిశోధనకు సీటు. మా బాపు ముందే తేల్చేశాడు: "సీటు రాకుంటే ఇగ చదువు బంద్ బిడ్డా." బోర్డు ముందు నిలబడి 'నో హెయిర్' సిద్ధాంతం ధీమాగా చెప్పాను. నల్లబిలంలో నక్షత్రం పడినా, దుమ్ము పడినా బయటివాళ్ళకు తెలిసేవి మూడే: ద్రవ్యరాశి, విద్యుదావేశం, భ్రమణం. మిగతా గుర్తులేవీ ఉండవు. పరీక్షించడానికి వచ్చిన ప్రొఫెసర్, "రెండు నల్లబిలాలు ఇప్పుడే ఢీకొన్నాయి. అప్పుడు కూడా మూడేనా?" అన్నారు. బోర్డు మీద నేను రాసిన మూడు పేర్లూ మళ్ళీ చదివాను. వెనక బెంచీలో మాస్టారు తాపీగా కిటికీ బయటికి చూస్తున్నారు. ఒక్క మాట అందించొచ్చు కదా అని ఒళ్ళు మండింది. అంతలో విమానం వచ్చింది. గదంతా ఆగింది. అలవాటు కొద్దీ నా మాటల్లోనే తప్పు వెతికాను.

"కాదు సార్. అప్పుడు అది ఇంకా ఊగుతుంటది. కుదురుకున్నంకనే మూడు సరిపోతయ్. ఆ మాట చెప్పుడు మర్చిపోయిన."

సీటు వచ్చింది. మాస్టారు ఆరాంఘర్ చౌరస్తా దగ్గర చాయ్ ఇప్పించారు.

"ఆ విమానం రాకపోతే ఏం చేసేదానివమ్మా?"

"మీరు దగ్గేటోళ్ళు కద సార్."

"నేను దగ్గను," అన్నారాయన, నవ్వకుండా. గ్లాసు తిరిగిచ్చేటప్పుడు మాత్రం, చాయ్ పోసే అతను అడక్కపోయినా, "ఈ అమ్మాయి మా స్టూడెంటండీ" అని చెప్పారు.

మాస్టారు పోయి నెలైంది. కాలేజీవాళ్ళు సంస్మరణ సంచికకు మూడు వాక్యాలు రాసిమ్మన్నారు. పొద్దున రాస్తున్నది అవే. ఆయన పేరు, ఊరు ఒకటి. ఎన్నేళ్ళు పాఠం చెప్పారో ఒకటి. మూడోది: "ఎవరినీ మెచ్చుకునేవారు కారు." సరిగ్గా అక్కడే గ్లాసు మోగింది. మోత ఆగేలోపు తప్పు దొరికింది. మూడోది కొట్టేసి చాయ్ దగ్గర ఆయన అన్న మాట రాశాను. తర్వాత సుద్దముక్క, దగ్గు, కిటికీ. పేజీ నిండిపోయింది. మూడు వాక్యాల్లో ఆయన్ని సర్దాలంటే నాకింకా కొన్నాళ్ళు పడుతుంది. నేనింకా కుదురుకోలేదు.