సపియా ఎర్ర చుక్క

ఇంకెవరో చూడకుండా వదిలేసిన చెడ్డ సర్క్యూట్ బోర్డు నేరాన్ని, బోర్డులు తనిఖీ చేసే సపియా నెత్తిన రుద్ది, లైనంతా ఆపించి, అందరి ముందూ తిట్టాడు సూపర్‌వైజర్. అప్పటినుంచి మలేషియా పెనాంగులోని ఆ ఫ్యాక్టరీలో ఆమె ఏ బోర్డు పట్టుకున్నా ఊపిరి బిగపట్టేది. దీపం కింద అటూ ఇటూ వంచి, టంకం మీద కాస్త నీడ పడినా చెడ్డదని ఎర్ర చుక్క పెట్టేసి, వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని భుజం మీదుగా చూసుకునేది. మధ్యాహ్నం నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లం విప్పేటప్పుడు కూడా ఓసారి వెనక్కి చూసుకునేది.

బోర్డులు చూసే యంత్రం వచ్చాక, కుర్ర ఇంజినీరు తెయిక్ లియాంగ్ ఆమె చుక్కలనే దానికి పాఠంగా పెట్టాడు. అది మంచిచెడ్డలు తేల్చే వందల రకాల చూపులను తనలో పుట్టించి, ఆమె తీర్పుతో సరిపోయినవాటిని బతకనిచ్చి, తక్కినవాటిని చంపి, బతికినవాటిని కలిపి మళ్లీ కొత్తవాటిని పుట్టించేది. చివరికి మంచి బోర్డులకు కూడా ఎర్రదీపం వెలిగించసాగింది.

"అక్కా, నీ బిడ్డ అచ్చం నీ పోలికే! నీడను చూసి జడుసుకుంటోంది," అని నవ్వాడతను.

"మెల్లగా అను బాబూ. సూపర్‌వైజర్ వింటే నా ఉద్యోగం పోతుంది."

విననే విన్నాడు, ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆఖరి రోజు కంపెనీ బస్సు దగ్గర తెయిక్ లియాంగ్ తల వంచుకుని, యంత్రం నేర్చుకున్నదంతా చెరిపేసి ఇంకొకరి చుక్కలతో మొదటినుంచి నేర్పబోతున్నామని చెప్పాడు. సపియా అలవాటుగా ఓసారి వెనక్కి చూసుకుని, గొంతు తగ్గించి అంది: "ఎవరి చుక్కలు తీసుకున్నా సరే బాబూ, వాళ్లనెవరైనా నలుగురి ముందూ తిట్టారేమో ముందు కనుక్కో."