ఇంటిపేరు ముందెవరు చెప్పిన్రు?

భద్రాచలం బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపిన అక్క ముఖం నాకు సరిగ్గ గుర్తులేదు. ఆమె ప్రశ్న మాత్రం గుర్తుంది. చాటింగ్ చేసే ఆడపిల్లల వెనక నిలబడి ఒకటే అడిగేది: "ఇంటిపేరు ముందు నువ్వు చెప్పినవా, వాడు చెప్పిండా?"

పైసలిచ్చి కూసున్నోళ్లను గిట్ల అడుగుతదేందని నాకు ఒళ్లు మండేది.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్న. చాటింగ్‌ల ఒకాయన పరిచయమైండు. ఆయనదీ మాదీ ఒకటే ఇంటిపేరని తేలింది. మా దిక్కు ఇంటిపేరు కలిసిందంటే అన్నాచెల్లెళ్ల వరసే. ఇగ అనుమానం ఎందుకొస్తది?

"చెల్లె, ఆదివారం పర్ణశాలకు రా. ఇంట్ల చెప్పకు" అని రాసిండొకనాడు. అది అక్క కంట్ల పడ్డది. మళ్ల అదే ప్రశ్న.

"నేనే చెప్పిన. అయితే ఏంది?" అన్న.

"మా చెల్లె గూడ తనే ముందు చెప్పింది. అన్నను చూసొస్తనని పోయింది. గోదావరిల శవమై తేలింది."

అంతే అని, పక్క కంప్యూటర్ ముందు కూసొని, కొత్త పేరుతోని ఆయనతోనే చాటింగ్ మొదలుపెట్టింది. కాసేపటికి ఆయన ఇంటిపేరు అడిగిండు. అక్క ఎక్కడా లేని ఇంటిపేరొకటి అప్పటికప్పుడు కల్పించి కొట్టింది.

జవాబు జల్దీనే వచ్చింది.

"మాది గూడ అదే, చెల్లె."